చచ్చిన ఇంజనుకు నీళ్ళు

నేను ఒక ఇనుప స్తంభాన్ని. రెండు నిలువుల ఎత్తుంటాను. పైన అడ్డంగా ఒక చెయ్యి, ఆ చేతి చివర ఒకప్పుడు తోలుగొట్టం. బొగ్గు ఇంజన్లకు నీళ్ళు పట్టడం నా పని. పెట్టినవాళ్ళు నాకు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు గాని, తుమ్మలవాగు జంక్షన్‌లో అందరూ నన్ను తొండం అన్నారు. ఏనుగు మాదిరి వంగి నీళ్ళు పోస్తానని. నాకూ అదే అలవాటయింది.

మాట్లాడే అలవాటు మాత్రం లేదు. ఇన్నేళ్ళలో నేను చేసిన చప్పుడల్లా నీళ్ళ చప్పుడే. అదీ ఆగి చాలా కాలమైంది. ఇప్పుడు వేరే పనేమీ లేదు కాబట్టి చెబుతున్నాను.

సముద్రం అవతల ఎక్కడో పోతపోశారు నన్ను. ఎవరు పోశారో తెలియదు. వేడి ఒక్కటే గుర్తు. ఓడలో వచ్చాను. రేవులో చాలాకాలం వానకు తడిశాను. బండిమీద పడుకోబెట్టి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. చుట్టూ చూస్తే తుమ్మచెట్లు, రాయి, ఎండ. ఇక్కడ ఎవరికి నీళ్ళు పోయాలి అనుకున్నాను.

పెద్దలైను సముద్రం వైపునుంచి వచ్చి కొండల్లోకి పోతుంది. పలకల గనుల నుంచి చిన్నలైను ఒకటి వచ్చి దాన్ని కలుస్తుంది. బడిపిల్లలు రాసుకునే రాతిపలకలు ఆ గనుల్లోవే. ఆ రెండు లైన్లూ ఈ ముళ్ళకంపల్లో ఎందుకు కలవాలంటే, నీళ్ళ కోసం. కంపెనీ వాళ్ళు దారిపొడుగునా ఊళ్ళ బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయి పరీక్ష చేయించారట. ఈ నీళ్ళు పోస్తే బాయిలరు లోపల గార కడుతుంది, ఇంజను ఎక్కువకాలం బతకదు, పనికిరావు అన్నారట. చివరికి ఊరికి దూరంగా వాగు ఇసుకలో మంచినీళ్ళు దొరికాయి. అక్కడ బావి తవ్వి కంచె వేశారు. పంపు పెట్టి, గొట్టాలు వేసి, ఇక్కడ ఎత్తున ట్యాంకు కట్టారు. ట్యాంకు పక్కన నేను. నా పక్కన స్టేషను. అట్లా జంక్షన్ అయింది.

ఇంజనుకు పడవన్న నీళ్ళను తుమ్మలవాగు అప్పటికి ఎన్నో తరాలుగా తాగుతోంది. వాళ్ళ పళ్ళకూ గారే. నడివయసు రాకముందే నడుము వంగేది. మోకాళ్ళు కొడవళ్ళ మాదిరి తిరిగేవి. అది తలరాత అనుకున్నారు. సీసాలు పట్టుకుపోయినవాళ్ళు వాళ్ళ కాళ్ళవైపు చూడలేదు. వాళ్ళు వచ్చింది ఇంజను కోసం.

ఆ తరవాత జంక్షన్‌కు మంచిరోజులు వచ్చాయి. పెద్దబండి వచ్చి చిన్నబండి కోసం ఆగేది. చిన్నబండి పలకల బరువుతో ఎప్పుడూ ఆలస్యమే. ఈలోగా ఇంజను నా కిందికి వచ్చి నిలబడి తాగేది. నేను చూసినవాటిలో ఇంజను ఒక్కటే తాగినంతసేపూ తలవంచుకుని ఉండేది కాదు. బుసలు కొడుతూ తాగేది. అయినా మనిషికన్నా నయం. కడుపు నిండితే చాలనేది.

అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. ఇంజను తాగడం అయ్యాక చక్రం తిప్పి నన్ను కట్టేస్తారు. కట్టేసినా నా చేతిలో కొన్ని నీళ్ళు మిగులుతాయి. చెయ్యి పక్కకు తిప్పగానే అవి కింద పడతాయి. ఆ నీళ్ళు ఊరివి. దాన్ని తొండం దులపడం అనేవాళ్ళు. బయటివాళ్ళకు నీళ్ళు ఇవ్వకూడదన్నది కంపెనీ రూలు. దులిపిన నీళ్ళ గురించి రూలులో లేదు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. మొదట్లో పెద్దవీధి వాళ్ళు రాలేదు. పంపు నడిపేవాడు మాలపల్లె మనిషి అని. తరవాత వాళ్ళూ వచ్చారు. ఇంజను తాగే నీళ్ళకు మైల ఉండదని ఎవరో తేల్చారట. నాకు నవ్వు రాదు. వస్తే అప్పుడు వచ్చేది.

పంపు మనుషులు చాలామంది మారారు. చివరివాడు దావీదు. పొడుగ్గా, నల్లగా, తలకు తుండుగుడ్డతో ఉండేవాడు. దావీదు రోజుల్లో నన్ను దులపడం చాలాసేపు పట్టేది. ఇంజను నిండిపోయేది. నా చెయ్యి పక్కకు వచ్చేసేది. నీళ్ళు మాత్రం పడుతూనే ఉండేవి. స్టేషన్ మాస్టరు గదిలోంచి కేకేస్తే, చక్రం మీద రెండు చేతులూ వేసి ఒళ్ళంతా బిగబట్టి, "బిగుసుకుపోయిందండీ మాస్టరుగారండీ, తిరగతల్లేదు" అనేవాడు. ఆ చక్రానికి ప్రతి ఆదివారం అతనే నూనె పెట్టేవాడు.

ఆ వరసలో నాగూరమ్మ అని ఒకామె ఉండేది. పలకల గనిలో రాయి చీల్చేవాడి భార్య. సన్నటి మనిషి. రెండు మోకాళ్ళూ బయటికి వంగి, నడిస్తే పడవ ఊగినట్టు ఊగేది. నోరు మాత్రం నిటారు.

ఒకరోజు వెనకామె, "ఏందమ్మో నాగూరమ్మా, నీ బిందె ముందుకు నడిచొచ్చిందే. దానికి కాళ్ళున్నయ్యా?" అంది.

"ఉంటే నాకియ్యమనేదాన్ని గదొదినా. ఈటితో నడవలేక చస్తన్నా" అంది నాగూరమ్మ, బిందె ఇంకాస్త ముందుకు జరిపి.

ఆమెకు ఒక కూతురు. పెద్దమ్మి అనేవాళ్ళు. ఆ పిల్ల కాళ్ళూ తల్లి కాళ్ళలాగే తిరుగుతున్నాయి. పట్నం ఆసుపత్రిలో చూపిస్తే డాక్టరు కాళ్ళు చూడకుండా పళ్ళు చూశాడట. ఏ నీళ్ళు తాగుతారు అని అడిగాడట. ఇది తలరాత కాదు, నీళ్ళు, ఈ పిల్లకు ఆలస్యమైంది, ఇంకో బిడ్డ పుడితే మొదటినుంచీ మంచినీళ్ళు పట్టు, పాలపళ్ళు పోయి గట్టిపళ్ళు వచ్చిందాకా అయినా పట్టు అన్నాడట. ఈ సంగతులన్నీ నా కింద నిలబడి దావీదుకు చెబితే విన్నాను.

రెండో పిల్ల పుట్టింది. తిరపతమ్మ అని పేరు పెట్టారు. బాలింత నడుముకు గుడ్డ బిగించుకుని నాగూరమ్మ బిందెతో వచ్చింది.

"దావీదన్నా, పెద్దదాని కాళ్ళు చూశావుగా. ఇదన్నా నిటారుగా నడవాల. పళ్ళు మారిందాకా దీని నోట్లో మా బాయి నీళ్ళు పడనియ్యను."

"ఇంజన్లున్నంతకాలం నీ బిందెకు కొదవలేదు పోమ్మా" అన్నాడు దావీదు.

"ఇంజన్లు యాడికి పోతయ్ అన్నా?"

"యాడికీ పోవు."

ఆ పిల్ల బోర్లా పడకముందే డీజిలు ఇంజను వచ్చింది.

పచ్చరంగుతో, పొగలేకుండా వచ్చింది. నా ముందునుంచే పోయింది. నావైపు చూడనైనా చూడలేదు. తరవాత ఇంకొకటి. దాహం లేని జంతువుతో ఏం మాట్లాడతాం. బొగ్గు ఇంజన్లు ఒకటొకటే ఈలవేసుకుంటూ పోయి తిరిగి రాలేదు. పెద్దబండి ఇప్పుడు నీళ్ళ కోసం ఆగక్కరలేదు కాబట్టి, చిన్నబండి కోసం ఆగడం కూడా తగ్గించింది. టీకొట్టు ఒకటి మూతపడింది. చివరి బొగ్గు ఇంజను ఎప్పుడు పోతే అప్పుడు పంపు కట్టేయాలి, దావీదును వేరేచోటికి పంపాలి అని పైనుంచి ఆర్డరు వచ్చింది.

ఆ చివరి ఇంజను చిన్నలైను మీద పలకల పెట్టెలు లాగేది. దాన్ని ముసలిది అనేవాళ్ళు. ఒకరోజు గనుల నుంచి మూలుక్కుంటూ వచ్చి నా కింద ఆగింది. మళ్ళీ కదలలేదు. బాయిలరులోకి నీళ్ళు ఎక్కించే సాధనం ఒకటి ఉంటుంది, ఇంజెక్టరు అంటారు. అది పోయింది.

అప్పుడు స్టేషన్ మాస్టరు పానకాలరావు. లావుపాటి మనిషి, వక్కపొడి నములుతూ ఉండేవాడు. రూలు దాటడు, అబద్ధం ఆడడు. ఆ రెండూ చేయనివాడికి మాట్లాడటానికి ఎక్కువ ఉండదు. ఆయనకూ ఉండేది కాదు. దావీదు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పంపు కట్టేయమంటారా అని అడిగాడు. పానకాలరావు వక్కపొడి నమిలి నమిలి, చివరికి, "బొగ్గు ఇంజను ఉన్నచోట నీళ్ళు ఉండాలయ్యా. రూలు. ముసలిది ఉందిగా" అన్నాడు.

ఆయన ఫోనులో ఇంజెక్టరు పోయింది, భాగం పంపమన్నాడు. పంపుతాం అన్నారు. ఆ భాగం చేసేవాళ్ళే లేరని పైవాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు. రోజూ పొద్దున ఫోను మోగేది. ఇంజను ఎట్లా ఉంది మాస్టారూ. భాగం రాలేదండి. రాగానే చెప్పండి. అంతే. ఒక్క మాటా అబద్ధం కాదు. అట్లా ఏళ్ళు గడిచాయి.

ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే తొట్టి ఉంటుంది. టెండరు అంటారు. రోజూ పొద్దునే దావీదు నా చెయ్యి తిప్పి ఆ తొట్టి నింపేవాడు. ఇంజనుకు నీళ్ళు పట్టడం అతని ఉద్యోగం. ఎక్కడా తప్పు లేదు. తొట్టి అడుగున ఒక కొళాయి బిగించాడు. ఆడవాళ్ళు కిందకూర్చుని బిందెలు పట్టుకునేవాళ్ళు, ఆవు పొదుగు కింద చెంబు పెట్టినట్టు. ప్రాణమున్నరోజుల్లో ఒక్కరికీ చుక్క వదలని ఇంజను, చచ్చాక పాడికి వచ్చింది. పండగనాడు దానికి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు. నాకు పెట్టలేదు. ఫరవాలేదు.

తిరపతమ్మ ఆ ఇంజను చక్రాలు పట్టుకుని నిలబడటం నేర్చుకుంది. మొదటి అడుగు వేసినరోజు నాగూరమ్మ బిందె సంగతి మరిచిపోయి పిల్ల కాళ్ళవంకే చూస్తూ కూర్చుంది. బిందె నిండి పొర్లింది. ఎవరూ తిట్టలేదు.

ఇట్లా ఉండగా ఒకరోజు ఫోనులో కొత్త గొంతు వచ్చింది. కిటికీ పక్కనే కాబట్టి నాకు వినపడింది. కుర్ర గొంతు. మర్యాదగానే అడిగింది. "మాస్టారూ, ఇంజెక్టరు లేకపోతే బాయిలరులోకి నీళ్ళు ఎక్కవు గదా. మరి మీ లెక్కల ప్రకారం ఇంజను రోజుకు ఒక తొట్టి నీళ్ళు ఎట్లా తాగుతోంది?"

పానకాలరావు చేతిలో ఫోను అట్లాగే ఉంది. వేరే ఏ భాగం పేరు చెప్పినా జరిగిపోయేది. పొగగొట్టం అంటే సరిపోయేది, చక్రం అంటే సరిపోయేది. నిజమే చెప్పాలని, నీళ్ళు తాగలేని జబ్బే చెప్పి, ఇన్నేళ్ళూ దానికి నీళ్ళు పట్టించాడు. అబద్ధం అలవాటు లేని మనుషులు చేసే తప్పు అది. అవతలి గొంతు, వచ్చి చూస్తాను అంది.

ఊరంతా తెలిసిపోయింది. ఇంజను ఇంకా బతికే ఉందని చూపించాలి అన్నారు. పానకాలరావు గదిలోకి పోయి పాత టైం టేబుల్ తెరుచుకుని కూర్చున్నాడు. ఫోనులో మాట్లాడిన ఆఫీసరు వచ్చే పూట దావీదు ఇంజను ముందు తలుపు తీసి పిడకలు పేర్చి నిప్పు పెట్టాడు. పైనున్న గొట్టంలోంచి పొగ లేచింది. పొగతోపాటే గోరింకలు లేచాయి. గొట్టంలో ఎన్ని గూళ్ళు ఉన్నాయో ఏమో, ఒక గుంపంతా అరుచుకుంటూ వచ్చి నా చేతి మీద వాలింది. సరిగ్గా అప్పుడే డీజిలు బండి ఆగి ఆఫీసరు దిగాడు.

సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నాడు. పొగవైపు చూశాడు. గోరింకలవైపు చూశాడు. మెట్లెక్కి బాయిలరు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. దిగి చెయ్యి దులుపుకుని వంగి టెండరు కిందికి చూశాడు. కొళాయి, దాని కింద బిందెలు. ఆడవాళ్ళు కదల్లేదు.

"ఈ బిందెలు ఎవరివి?"

ఒకామె వంగి కొళాయి కట్టేసింది.

"నాయేనయ్యా" అంది నాగూరమ్మ.

"ఇన్నీ నీవేనా?"

"అన్నీ నాయే."

ఎవరి బిందె వంక వాళ్ళు చూసుకున్నారు గాని కాదనలేదు. నాగూరమ్మ కూతుళ్ళిద్దరినీ పిలిచింది. "తిరపతమ్మా, ఆ చివరిదాకా నడువు. అయ్య చూస్తాడు" అంది. చిన్నపిల్ల ప్లాట్‌ఫారం చివరికి నడిచి, పరుగెత్తుకుంటూ తిరిగి వచ్చింది. "పెద్దమ్మీ, నువ్వు గూడా" అంది. పెద్దమ్మి తల అడ్డంగా ఊపింది. ఎదిగిన పిల్ల. అందరిముందూ నడవడం దానికి చచ్చినంత. తల్లి మళ్ళీ అడగలేదు. కాసేపటికి ఆ పిల్లే కదిలింది. ఇటు ఊగి, అటు ఊగి, ఒక్కో అడుగూ నేలనుంచి పెరికినట్టు నడిచింది. చాలాసేపు పట్టింది. ఆ నడక అయిందాకా గోరింకలు అరుస్తూనే ఉన్నాయి.

"ఒక్క కడుపున పుట్టినయ్యేనయ్యా" అంది నాగూరమ్మ. "ఒకటి మా బాయి నీళ్ళు తాగింది. ఒకటి ఈ నీళ్ళు తాగింది. మా నీళ్ళు ఇంజనుకు పడవని మీ పెద్దోళ్ళే బాయి తవ్విచ్చారంట గదా. నా బిడ్డకూ పడవు."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పొగ వల్లనో ఏమో నేను చెప్పలేను.

"ఇంకా ఎన్నాళ్ళు కావాలమ్మా?"

"పళ్ళు మారిందాకా."

ఆయన గుమ్మంలో నిలబడ్డ పానకాలరావు దగ్గరికి వెళ్ళాడు. "ఈ ఇంజను పనికిరాదు మాస్టారూ. పనికిరాదనే పైకి చెబుతాను" అన్నాడు. పానకాలరావు సరేనండి అన్నాడు. "దీన్ని కోయడానికి కంట్రాక్టరు రావాలి. వాడు ఎప్పుడొస్తాడో నా చేతిలో లేదు. వాడొచ్చిందాకా ఇంజను ఇక్కడే ఉంటుంది. బొగ్గు ఇంజను ఉన్నచోట నీళ్ళు ఉండాలన్నది రూలు." బండి ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "పిడకలు మాత్రం వద్దయ్యా. పక్షులకు ఇబ్బంది" అన్నాడు దావీదుతో.

కంట్రాక్టరు రాలేదు. ఈ ఏడు అన్నారు, వచ్చే ఏడు అన్నారు. తొందర లేకపోవడం ఆఫీసులకు ఎప్పుడూ ఉన్న గుణమే. అది ఒకరికి మేలు చేయడం నేను ఆ ఒక్కసారే చూశాను. గోరింకలు మళ్ళీ గొట్టంలోకి పోయాయి. తిరపతమ్మకు ఊడిన పాలపన్ను పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరాలి. ఆ పిల్ల తెచ్చి నీళ్ళ ట్యాంకు మీదికి విసిరేది. అందక నాకు తగిలేది. ఒక్కో పన్ను తగిలినప్పుడల్లా ఇంకా కొన్నే ఉన్నాయి అనుకునేవాణ్ణి. కంట్రాక్టరు ముందొస్తాడో, పళ్ళు ముందొస్తాయో అని రోడ్డువంక చూసేవాణ్ణి. చూడటం తప్ప ఏం చేయగలను.

పళ్ళే ముందొచ్చాయి. పెద్దవి, తెల్లవి.

ఆ తరవాత ఒక ఎండాకాలం గ్యాసు కట్టర్లతో మనుషులు వచ్చారు. ముసలిదాన్ని ముక్కలు చేశారు. చాలా రోజులు పట్టింది. మొదట కోసింది టెండరునే. ఆ సాయంత్రం దావీదు పంపు కట్టేసి, నా చక్రానికి ఎప్పటిలాగే నూనె పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. నాగూరమ్మ ఖాళీ బిందె చంకలో పెట్టుకుని చూస్తోంది.

"నా పని అయింది గానన్నా," అంది, "రేపు పుట్టేవోళ్ళ సంగతేంది?"

దావీదు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. మర్నాడు సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడ ఉన్నాడో, ఎట్లా పోయాడో నాకు తెలియదు. మాలాంటి వాళ్ళకు కబురు చెప్పేవాళ్ళుండరు.

తరవాత పాత పట్టాలు పీకి వెడల్పు పట్టాలు వేశారు. చిన్నలైను పీకేశారు గాని మళ్ళీ వేయలేదు. పలకలు ఎవరు కొంటున్నారు ఇప్పుడు. బోర్డుమీద ఊరిపేరు ఉంచి, జంక్షన్ అన్నమాట మీద పసుపు రంగు పూశారు. గట్టి వాన పడితే అది మళ్ళీ పైకి కనపడుతుంది. ఎండితే పోతుంది. ట్యాంకు కూల్చారు. ఊరికి కొళాయిలు వచ్చాయంటున్నారు. ఒకరోజు వస్తే నాలుగురోజులు రావట. బండి ఆగితే కిటికీల దగ్గర నీళ్ళసీసాలు అమ్ముతారు. సీసాలు చూస్తే నాకు మొదట వచ్చిన కంపెనీవాళ్ళే గుర్తొస్తారు.

నన్ను మాత్రం పారేయలేదు. పెకిలించి కొత్త స్టేషను ముందు గుండ్రంగా ఇటుకలు కట్టి మధ్యలో నిలబెట్టారు. వెండిరంగు వేశారు. చుట్టూ బంతిమొక్కలు. వాటికి పొద్దున బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి పోస్తారు. నా కాళ్ళ దగ్గరే పోస్తారు. పక్కన పలక ఒకటి పెట్టారు. బొగ్గు ఇంజన్ల కాలంలో ఇంజన్లకు నీళ్ళు పట్టినది అని రాశారట. తప్పేమీ లేదు. రాసినంతవరకూ నిజమే. నా ముందు నిలబడి జనం ఫోటోలు దిగుతారు. నా చేతి కింద తల పెట్టి నోరు తెరుస్తారు, నీళ్ళు పడుతున్నట్టు. నేను ఊరుకుంటాను.

నాగూరమ్మ పోయింది. పెద్దమ్మి కర్ర పట్టుకుని నడుస్తుందని విన్నాను. ఇటు రాదు.

తిరపతమ్మ వస్తుంది. ఆమె ఇప్పుడు పట్టాలు చూసే గ్యాంగులో పని చేస్తుంది. రోజూ పొద్దున సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచిపోవాలి. ఎక్కడ వదులైందో కొట్టి చూసుకుంటూ, అవతలి స్టేషను దాకా నడవాలి, మళ్ళీ వెనక్కి నడవాలి. నడకే ఉద్యోగం. కాళ్ళు బాగున్నవాళ్ళకే ఇస్తారట.

పోయేముందు నా దగ్గర ఆగుతుంది. నాతో మాట్లాడదు. మాట్లాడటానికి ఏముంది. పట్టాన్ని కొట్టినట్టు సుత్తితో నన్ను ఒక దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటుంది. లోపల ఏమీ లేదు కాబట్టి గట్టిగానే మోగుతాను.

నిన్న మాత్రం, "బానే ఉండావులే" అంది.

తరవాత కంకర మీదికి దిగి నడుచుకుంటూ పోయింది. ఆ అడుగుల చప్పుడు నాకు చాలాదూరం వినపడుతుంది. ఒకటే తీరు. ఎక్కడా ఊగదు. ఆగిపోయేదాకా వింటాను. అది అయ్యాక రోజంతా నాకు వేరే పని లేదు.